ఆ పందిట్లో మేమూ ఉన్నాం!

పాట రికార్డులో ఉంటుంది. పాడినవారి ఫొటో గోడమీద ఉంటుంది. మరి, ఆయన ఎదురుగా కూర్చుని పాడుతుంటే విన్న ఆ సాయంత్రం..? అది మాత్రం విన్నవాళ్ల మనసులో తప్ప ఇంకెక్కడా ఉండదు. ద్వారం ఫిడేలు, ఘంటసాల పద్యం, చిట్టిబాబు వీణ, చినమౌలానా నాదస్వరం, శ్రీనివాస్ మాండొలిన్, బాలమురళి గానం, బాలు పాట... వీటిని కళ్లారా చూస్తూ చెవులారా విన్న అదృష్టవంతులు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లు దాచుకున్న సంపద ఏమిటో ఓసారి చూద్దాం.

ఏ ఇంట్లోనైనా జరిగేదే. టీవీలోనో సెల్‌ఫోన్‌లోనో ఓ పాత పాట వస్తుంది. ఎవరి పనుల్లో వాళ్లుంటారు. అంతలో మూలన పడక కుర్చీలో ఉన్న తాతయ్య నెమ్మదిగా అంటారు... ‘ఈయన్ని నేను చూశాను. మా ఊరొచ్చి పాడారు’ అని. అంతే! అందరి తలలూ అటు తిరుగుతాయి. ‘నిజమా తాతయ్యా? ఎప్పుడు? ఎలా ఉండేవారు? దగ్గర్నుంచి చూశావా?’ అంటూ ప్రశ్నల వర్షం. పాట అందరిదీ. చూసిన జ్ఞాపకం మాత్రం ఆయనొక్కరిదే.

ఆ జ్ఞాపకానికీ ఓ వయసుంది. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ ఏడాది పదేళ్ల వయసున్న పిల్లవాడికి ఇప్పుడు అరవై దాటాయి. ద్వారం వెంకటస్వామినాయుడు పోయింది 1964లో. ఆయన వాయిస్తుంటే విని, ఊహ తెలిసి గుర్తుపెట్టుకున్నవారంతా డెబ్భై దాటినవారే. విద్వాంసులు వెళ్లిపోయారు. వారిని విన్నవారూ ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. రికార్డులు మిగులుతాయి కదా అంటారా? మిగులుతాయి. కానీ అవి చెప్పేది సగం కథే.

మూడు నిమిషాల రికార్డు.. మూడు గంటల కచేరీ

కళ్లజోడు, తలపాగా, భుజానికి ఆనించిన ఫిడేలు... ద్వారం వెంకటస్వామినాయుడి బొమ్మ చూడని సంగీత ప్రియుడుండడు. 1893లో బెంగళూరులో పుట్టినా పెరిగింది, పేరు తెచ్చుకుంది ఉత్తరాంధ్రలోనే. చిన్నప్పట్నుంచీ చూపు తక్కువ. బడి చదువు సాగలేదు. ఫిడేలు చేతికొచ్చింది. 1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లిన ఇరవై ఆరేళ్ల నాయుడుగారిని ఏకంగా అధ్యాపకుడిగానే తీసుకున్నారని ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. 1936లో ఆయనే ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు.

అప్పటిదాకా కర్ణాటక సంగీతంలో ఫిడేలంటే పక్కవాద్యం. గాయకుడు పాడితే వెనకాల నడవాలి. అంతే. 1938లో వెల్లూరులో ఆయన ఫిడేలునే మధ్యలో కూర్చోబెట్టి సోలో కచేరీ చేశారు. 1941లో సంగీత కళానిధి బిరుదు వచ్చింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు జస్టిస్ పి.వి.రాజమన్నార్ ఇంట్లో నాయుడుగారి వాద్యం విని ముగ్ధుడయ్యాడు.

ఇప్పుడు మనకు దొరికే ఆయన సంగీతంలో చాలాభాగం పాత గ్రామఫోను ప్లేట్ల నుంచి వచ్చిందే. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటు మీద ఒక్కో వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. ఆ కొలతలోనే రాగం, కీర్తన అన్నీ సర్దాలి. మరి పందిట్లో..? కచేరీ మూడు నాలుగు గంటలు సాగేది. ఒక్క రాగాన్నే అరగంటసేపు విప్పుకుంటూ పోయేవారు. పాయసాన్ని ఉద్ధరిణెతో తీర్థంలా ఇస్తే ఎలా ఉంటుందో, రికార్డులో ద్వారం వారిని వినడం అలా ఉంటుంది. రుచి తెలుస్తుంది. ఆకలి తీరదు.

ఇంకో సంగతీ ఉంది. మన సంగీతంలో కీర్తన ఒకటే అయినా దానికి ముందు చేసే ఆలాపన, మధ్యలో చేసే నెరవు, చివర వేసే స్వరకల్పన... ఇవన్నీ అప్పటికప్పుడు పుట్టేవి. దాన్నే మనోధర్మం అంటారు. నిన్న వేసిన స్వరం ఇవాళ పడదు. కాకినాడలో చేసిన కల్యాణి, విజయవాడలో చేసిన కల్యాణి ఒకలా ఉండవు. అంటే, ఏ రికార్డరూ లేని ఆ రాత్రి పుట్టిన సంగీతం ఆ రాత్రే వెళ్లిపోయింది. అది విన్నవాళ్ల తలల్లో తప్ప మరెక్కడా మిగల్లేదు.

అడిగి పాడించుకున్న పద్యం

సినిమా పాట సంగతి వేరు. అది ఒకసారి రికార్డయ్యాక ఇక మారదు. జనం సభకు వచ్చేదే ఆ రికార్డును గుండెలో పెట్టుకుని. అచ్చం అలాగే పాడతాడా లేదా అని చెవులు రిక్కిస్తారు. ఘంటసాల కచేరీ విన్నవారు మొదట చెప్పే మాట కూడా అదే... ‘రేడియోలో వినిపించిన గొంతే. కాకపోతే ఇంకా దగ్గరగా!’

కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం కోసం విజయనగరం వెళ్లి మధూకరం ఎత్తుకుని చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు గురువు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దూకి అలీపురం జైల్లో ఉన్నారు. ఆకలి, జైలు, అవమానాలు అన్నీ చూసొచ్చిన ఆ గొంతు తెలుగువాళ్ల సొంత గొంతు అయ్యింది.

తెల్లటి పంచె, లాల్చీ. ముందు హార్మోనియం. హంగామా లేదు. వేదిక మీద ఆయన రూపం గురించి పెద్దలు చెప్పేది ఇంతే. కానీ పద్యం ఎత్తుకుంటే మాత్రం పందిరంతా ఒక్కసారిగా సద్దుమణిగేది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రాసిన పుష్పవిలాపం ఆయన గొంతులో రికార్డుగా వచ్చి ఇంటింటికీ చేరింది. అందుకే ఏ ఊళ్లో పాడినా అదీ పాడమని జనం అడిగేవారు. చదువురాని రైతు కూడా ఆ పద్యాల అర్థం ఎవర్నీ అడగకుండానే తెలుసుకున్నాడంటే, ఆ మహిమ సగం కవిది, సగం గాయకుడిది. పద్యంలో మాట నలగకుండా, రాగం కోసం అక్షరాన్ని సాగదీయకుండా పాడటం ఆయన పద్ధతి. నాటకాల్లో పద్యం చివర పెద్ద పెద్ద రాగాలు తీయడానికి అలవాటుపడ్డ శ్రోతలకు అది కొత్త. ఆ కొత్తే తర్వాత అందరికీ దారి అయ్యింది.

1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికాల్లో కచేరీలు చేశారు. అప్పటికి అక్కడున్న తెలుగు కుటుంబాలు ఇప్పటిలా లక్షల్లో లేవు. ఊరుకో నలుగురు. సొంత ఊరి గొంతు సముద్రాలు దాటి వచ్చి ఎదురుగా కూర్చుని పాడుతుంటే వాళ్లకెలా ఉండి ఉంటుందో వేరే చెప్పాలా! ఆ తర్వాత మూడేళ్లకే ఆయన లేరు. చివరి రోజుల్లో పాడిన భగవద్గీత మాత్రం ప్రతి ఊళ్లోనూ ఈరోజుకీ వినిపిస్తూనే ఉంది.

దగ్గర కూర్చుంటేనే వీణ

మైకులు రానంత వరకూ వీణ కచేరీ అంటే చిన్న గది కచేరీయే. పదిమంది దగ్గరగా చేరి, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ వినాల్సిందే. ఆ వీణను వేలమంది ముందుకు తెచ్చినవారిలో చిట్టిబాబు ఒకరు. 1936లో కాకినాడలో పుట్టారు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి (1922-1987) దగ్గర శిష్యరికం చేశారు. గురువుగారు వీణతో పాడించారంటే, శిష్యుడు వీణతో కోయిలనూ కూయించాడు. ‘కొమ్మలో కోయిల’ అని ఆయన కట్టిన బాణీ సభల్లో అంత పేరు తెచ్చుకుంది.

ఇది పిల్లల్ని పడేసిన కచేరీ. రాగం తాళం తెలియని ఏడెనిమిదేళ్ల పిల్లలు అమ్మ ఒళ్లో కూర్చుని నిద్రకు జోగుతుంటే, ఒక్కసారిగా తంతి మీద కోయిల కూత! ఉలిక్కిపడి లేచి చుట్టూ చూసేవారు. సంగీతం మీద ఇష్టం అక్కడే పుట్టిందని చెప్పేవారు ఎంతమందో. కర్ణాటక సంగీతంలో ఇలాంటి చమత్కారాలేమిటని పెదవి విరిచినవారూ లేకపోలేదు. కానీ ఆ కూత వినడానికి వచ్చిన పిల్లలే పెద్దయ్యాక తోడి రాగం వినడానికి వచ్చారు. 1996 ఫిబ్రవరి 9న, అరవై ఏళ్లు కూడా నిండకుండానే చిట్టిబాబు వెళ్లిపోయారు.

ఊరంతా వినిపించిన నాదస్వరం

వీణ దగ్గరికి పిలిచే వాద్యమైతే, నాదస్వరం దూరానికి వెళ్లే వాద్యం. దానికి గోడలు, పందిళ్లు అడ్డంకావు. పుట్టిందే గుడి వీధుల కోసం. స్వామివారి పల్లకి ముందు నడుస్తూ, గంటల తరబడి నిలబడి వాయించాలి. నోట్లో పీక, పొడవాటి చెక్క గొట్టం, పక్కన డోలు... ఊపిరి ఎంతుంటే సంగీతం అంత!

ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా తరతరాలుగా నాదస్వరాన్నే నమ్ముకున్న ముస్లిం కుటుంబంలోంచి వచ్చారు. చిలకలూరిపేటకు చెందిన షేక్ ఆదంసాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తంజావూరు బాణీ మీద మోజుతో తమిళనాడు వెళ్లి మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. రంగనాథుడి సన్నిధిలో ఓ తెలుగు ముస్లిం నాదస్వరం... మన సంగీతం ఎంత విశాలమైందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా!

ఆయన్ని విన్నవారి జ్ఞాపకాలు తరచూ కాళ్లతో మొదలవుతాయి. కూర్చుని విన్నది తక్కువ. ఊరేగింపు వెంట నడుస్తూ విన్నది ఎక్కువ. వీధి మలుపులో ఆగి రాగం అందుకుంటే పల్లకీ ఆగేది. జనమూ ఆగేవారు. ఇళ్లలోంచి ఆడవాళ్లు హారతి పళ్లాలతో అరుగుల మీదికొచ్చి అలాగే నిలబడిపోయేవారు. టిక్కెట్టు లేదు, ముందు వరస వెనక వరస లేదు. ఎవరి గుమ్మంలో వాళ్లకే కచేరీ!

1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్న చినమౌలానా 1999 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన మనవళ్లు కాసిం, బాబు ఆ వాద్యాన్ని అందుకున్నారు. 2020లో పద్మశ్రీ పొందిన నాదస్వర దంపతులు షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ కూడా ఆయన శిష్యులే. వాద్యం ఆగలేదు. కాకపోతే నాదస్వరం వెంట ఊరంతా నడిచిన ఆ రాత్రులు తగ్గిపోయాయి.

తాత విన్న పిల్లాడు.. మనవడు విన్న పెద్దాయన

ఒకే విద్వాంసుణ్ని మూడు తరాలవాళ్లు వినడం చాలా అరుదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ విషయంలో అది జరిగింది.

తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో 1930 జులై 6న పుట్టారాయన. పుట్టిన కొద్దిరోజులకే తల్లి పోయారు. తండ్రి పట్టాభిరామయ్య వేణువు వాయించేవారు. పిల్లాడిని త్యాగరాజ శిష్య పరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు చేతుల్లో పెట్టారు. విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పూర్తిస్థాయి కచేరీ చేసేనాటికి ఆ పిల్లాడి వయసు ఎనిమిదేళ్లు! ఆ ప్రతిభ చూసి హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ మురళీకృష్ణ పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. ఆ ‘బాల’ ఎనభై ఆరేళ్లు వచ్చినా ఆయన్ని వదల్లేదు.

అలా తాతగారు విన్నది బాలుణ్ని. నాన్నగారు విన్నది విజయవాడ ఆకాశవాణిలో భక్తిరంజని రోజుల బాలమురళిని, సంగీత కళాశాల తొలి ప్రిన్సిపాల్‌ని, 1967లో భక్త ప్రహ్లాదలో నారదుడిగా తెరమీద కనిపించిన విద్వాంసుణ్ని. మనవడు విన్నది 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రాన్స్ ప్రభుత్వ షెవాలియర్ గౌరవం అందుకున్న పెద్దాయన్ని. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుంటే మూడు వేర్వేరు కచేరీలు బయటికొస్తాయి. గొంతు మాత్రం ఒక్కటే.

ఆయన కచేరీలో జనానికి బాగా గుర్తుండిపోయింది ఆ తేలిక. కష్టమైన సంగతి వేసి, అదేదో ఆటలా చిరునవ్వు నవ్వేవారు. మంద్రంలో గొంతు బావిలోకి దిగినట్టు దిగేది. మరుక్షణం పైస్థాయిలో గాలిపటంలా ఎగిరేది. గొంతు ఒక్కటే కాదు... వయొలా, వయొలిన్, మృదంగం, కంజీర కూడా వాయించారు. పదిహేనేళ్లకే 72 మేళకర్త రాగాల్లోనూ కీర్తనలు కట్టారు. మహతి, లవంగి, సుముఖం లాంటి కొత్త రాగాలను నాలుగే స్వరాలతో సృష్టించారు. ఇంత తక్కువ స్వరాలతో రాగమేమిటని పండితులు వాదులాడుకున్నారు. సభలో కూర్చున్న మామూలు శ్రోత మాత్రం వాదన వినలేదు, పాట విన్నాడు.

2016 నవంబరు 22న ఆయన చెన్నైలో కన్నుమూశారు. ఎనిమిదేళ్ల వయసు నుంచి లెక్కేస్తే దాదాపు 78 ఏళ్ల సంగీత ప్రయాణం. ఒక విశేషం... ఆయన తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తర్వాతి కాలంలో ఘంటసాల పేరే పెట్టారు. ఇద్దరి పేర్లూ ఒకే గుమ్మంలో కలిశాయి.

ఆ నవ్వు.. ఆ మాండొలిన్

1978. గుడివాడ. త్యాగరాజ ఆరాధన. వేదిక మీద తొమ్మిదేళ్ల కుర్రాడు. చేతిలో మాండొలిన్!

అప్పటికి మాండొలిన్ అంటే సినిమా పాటల్లో, బ్యాండుమేళాల్లో వినిపించే పడమటి వాద్యం. త్యాగరాజ కీర్తనకు అదెలా పనికొస్తుందని ఎవరికైనా అనుమానం రావాల్సిందే. అనుమానానికి కారణమూ ఉంది. మన రాగాలకు ప్రాణం గమకం. స్వరాన్ని ఊపాలి, జార్చాలి, నిలపాలి. మాండొలిన్ తంతి మీటగానే మోగి వెంటనే ఆగిపోతుంది. పైగా జంట తంతులు. పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆ చిక్కును తనదైన దారిలో విడదీశాడు. జంట తంతుల బదులు ఒక్కో తంతి చొప్పున అయిదు తంతులున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. నాదం నిలబడింది. గమకం పలికింది. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. కుర్రాడు విని వాయించేవాడు. అందుకే కాబోలు ఆ వాద్యం గొంతులా పలికింది.

1981లో మద్రాసు సంగీత ఉత్సవాల్లో కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. అప్పటికి వయసు పద్నాలుగు. 1998లో పద్మశ్రీ. జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో దేశదేశాలూ తిరిగాడు. ఎక్కడికి వెళ్లినా జనం గుర్తుపెట్టుకున్నవి రెండు. ఒకటి ఆ వేళ్ల వేగం. రెండోది ఆ నవ్వు. ఎంత కష్టమైన స్వరం వేస్తున్నా ముఖంలో చిన్న ముడత ఉండేది కాదు. తోడుగా మృదంగంతోపాటు డోలు కూడా పెట్టుకునేవాడు. అంత చిన్న వాద్యం అంత పెద్ద డోలుతో సమానంగా నిలబడటం చూసి తీరాల్సిందే తప్ప చెబితే అర్థమయ్యేది కాదు.

2014 సెప్టెంబరు 19న ఆ నవ్వు ఆగిపోయింది. వయసు నలభై అయిదే. చిన్నవాడిగా గుడివాడ వేదిక మీద చూసిన పెద్దలు, తమకన్నా అతనే ముందు వెళ్లిపోవడం చూశారు. మిగతా విద్వాంసుల గురించి చెప్పేటప్పుడు పెద్దల గొంతులో గర్వం వినిపిస్తుంది. శ్రీనివాస్ గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు కాస్త పూడుకుపోతుంది.

పాటకు ముందు మాట

ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యాన్ని ప్రత్యక్షంగా విననివారు కూడా విన్నట్టే ఉంటారు. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’ పుణ్యమా అని ఆయన ప్రతి ఇంటికీ వారం వారం వచ్చిన బంధువు. 1966లో శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్నతో ఎస్.పి.కోదండపాణి పరిచయం చేసిన ఆ గొంతు పదికి పైగా భాషల్లో వేల పాటలు పాడింది. ఆరు జాతీయ అవార్డులు తెచ్చుకుంది.

అయినా వేదిక మీద బాలు వేరు. పాట ఎత్తుకునే ముందు ఆ పాట రాసిందెవరో, బాణీ కట్టిందెవరో చెప్పి గానీ మొదలుపెట్టేవారు కాదు. వెనక కూర్చున్న వాద్యకారుడు బాగా వాయిస్తే పేరు పెట్టి మెచ్చుకుని చప్పట్లు కొట్టించేవారు. పాట మధ్యలో ఓ నవ్వు, ఓ విరుపు, ఓ గొంతు మార్పు... రికార్డులో ఉన్నదానికి ఏదో ఒకటి కలిపేవారు. శాస్త్రీయ కచేరీలో మనోధర్మం రాగంలో ఉంటే, బాలు కచేరీలో అది మాటల్లో ఉండేది. అందుకే ఆయన సభ నుంచి ఇంటికొచ్చిన వాళ్లు పాటల జాబితా మరిచిపోవచ్చు. ఆయన చెప్పిన కబుర్లు మాత్రం మరిచిపోరు.

కరోనా సోకి 2020 ఆగస్టులో ఆస్పత్రిలో చేరిన బాలు సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. సభలన్నీ మూతపడ్డ ఏడాది అది. వేలమంది ముందు పాడిన గొంతుకు వేలమంది వచ్చి వీడ్కోలు చెప్పే వీలు కూడా లేకపోయింది. చాలామంది అభిమానులు ఆరోజు చేసిన పని ఒకటే... ఎప్పుడో ఏ ఊళ్లోనో ఆయన కచేరీకి వెళ్లినప్పటి ఫొటో, టిక్కెట్టు ముక్క వెతుక్కోవడం.

జ్ఞాపకం చెప్పేదంతా నిజమేనా?

కాకపోవచ్చు. జ్ఞాపకం రికార్డు కాదు. ఏళ్లు కలిసిపోతాయి. రేడియోలో విన్నదీ పందిట్లో విన్నదీ ఒకటైపోతాయి. నలభై నిమిషాల పాట రాత్రంతా పాడినట్టు గుర్తుంటుంది. మృదంగం వాయించిందెవరో ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా చెబుతారు.

కానీ జ్ఞాపకం చెప్పే కొన్ని సంగతులు ఏ రికార్డూ చెప్పలేదు. శ్రీరామనవమి పందిట్లో తాటాకుల వాసన, చేతిలో పానకం గ్లాసు, కింద పరిచిన జంపఖానా, కరెంటు పోతే పెట్రోమాక్సు లైటు వెలుగులో కొనసాగిన కీర్తన... విద్వాంసుడు మంచినీళ్లు తాగడానికి ఆగినప్పుడు పందిట్లో గుసగుసలు, పక్కఊరి నుంచి ఎడ్లబండి కట్టుకుని వచ్చిన కుటుంబాలు, మంగళం పాడాక కూడా లేవని జనం... ఇదంతా కలిస్తేనే కచేరీ. పాడినవారు సగం, విన్నవారు సగం. రికార్డులో మొదటి సగమే ఉంటుంది.

శిష్యులు గురువుగారి బాణీ దాచారు. ఆకాశవాణి టేపులు దాచింది. విన్నవారి సగాన్ని దాచేదెవరు? అది ఆయా కుటుంబాల పనే. పెద్దగా ఖర్చయ్యే పనీ కాదు.

మీ ఇంట్లో ఓ శ్రోత ఉన్నారా?

* ‘ఎవరి కచేరీ బాగుండేది?’ అని అడిగితే ‘అందరిదీ’ అంటారు. ‘ఏ ఊళ్లో విన్నారు? ఎక్కడ కూర్చున్నారు? ఎవరితో వెళ్లారు? ఇంటికెలా వచ్చారు?’ అని అడగండి. చిన్న ప్రశ్నలకే పెద్ద జ్ఞాపకాలు కదులుతాయి.

* ఏడాది గుర్తులేదంటే పెళ్లి, పిల్లల పుట్టుక, ఉద్యోగం, తుపాను... ఏదో ఒకదానికి ముందా వెనకా అని అడగండి. కాలం తేలిపోతుంది.

* ఆ విద్వాంసుడి పాట ఒకటి పెట్టి వినిపించండి. మాటలకు అందనిది పాటకు అందుతుంది.

* సెల్‌ఫోన్‌లో వారి మాటల్నే రికార్డు చేయండి. మొదట్లో తేదీ, వారి పేరు, ఊరు చెప్పించండి. చేసినదాన్ని ఒక్క ఫోన్‌లోనే ఉంచకుండా ఇంకోచోట కూడా భద్రపరచండి.

* అటక మీద పాత క్యాసెట్లున్నాయా? కచేరీల్లో టేపురికార్డరు పెట్టి రికార్డు చేసినవి కావచ్చు. తేమకు బూజు పట్టి ఉంటే ప్లేయర్లో పెట్టకండి, టేపు తెగుతుంది. తెలిసినవారికిచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. డబ్బా మీద రాసిన ఊరు, తేదీ, పక్కవాద్యాల పేర్లు పారేయకండి. ఆ చీటీ ఒక్కోసారి టేపుకన్నా విలువైంది.

* కరపత్రాలు, ఆహ్వాన పత్రికలు, సభల జ్ఞాపక సంచికలు పాత కాగితాలవాడికి వేసేముందు ఒక్కసారి తిరగేయండి.

ఇంకొక్క మాట. ద్వారం వారిని విన్నవారికి ఆరోజు తాము చరిత్రను వింటున్నామని తెలియదు. ఏదో నవరాత్రి పందిరి, పిల్లల్ని వెంటేసుకుని వెళ్లారు, విన్నారు, వచ్చారు. గుడివాడలో తొమ్మిదేళ్ల శ్రీనివాస్‌ని విన్నవారికీ అంతే. ఈ వారం మీ ఊరి గుళ్లోనో, సంగీత కళాశాలలోనో, ఆరాధన ఉత్సవంలోనో ఓ పెద్దాయన పాడుతుండొచ్చు. ఓ పదేళ్ల పాప తొలిసారి వేదికెక్కుతుండొచ్చు. టిక్కెట్టు కూడా ఉండకపోవచ్చు. పిల్లల్ని తీసుకుని వెళ్లండి. వీలైతే ముందు వరసలో కూర్చోండి.

ఇంకో యాభై ఏళ్లకు మూలనున్న పడక కుర్చీలోంచి ‘నేను విన్నాను’ అని చెప్పడానికి ఓ మనిషి ఉండాలి కదా!